మోగని తలుపులు

పోయిన నెల ఎమ్మిగనూరు దారిలో కొత్తగా కట్టిన ఒక ఫంక్షన్ హాలుకు పెళ్లికి వెళ్లాను. గేటు దాటగానే, పచ్చిక పరిచిన దిబ్బ మీద ఒక పాత స్టేషన్ వ్యాగన్‌ను నిలబెట్టి ఉంచారు. ఒళ్లంతా ఎర్ర రంగు పూసి, ముందు మూత తీసేసి, ఇంజన్ ఉండవలసిన గుంతలో మన్ను నింపి బంతిమొక్కలు నాటారు. పెళ్లికొడుకు స్నేహితులు దాని మీద ఒరిగి ఫోటోలు తీయించుకుంటున్నారు. నేను పెళ్లి సంగతే మరిచిపోయి, వాళ్లు పక్కకు తప్పుకునేదాకా చెప్పులు నేలకు రాస్తూ నిలబడి, తప్పుకోగానే దగ్గరికి పోయి, ముందు తలుపు కింది అంచున వేలి కణుపులతో తట్టాను. వాచ్‌మన్ పరుగున వచ్చి, "ముట్టొద్దు పెద్దాయనా, రంగు పోతాది" అన్నాడు. చెయ్యి వెనక్కి తీసుకున్నాను గానీ, అప్పటికే వినవలసింది వినేశాను. ఏం విన్నానో ఇప్పుడే చెబితే మీకు దాని విలువ తెలియదు, కాబట్టి చివర్లో చెబుతాను.

ఆ రోజు నుంచి ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నానని మా ఆవిడ విసుక్కుంటోంది. కుర్చీలో కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎటు పోవాలో తెలియదు. ఈ గుణం నాకు కొత్తగా వచ్చింది కాదు, మా నాయన దగ్గర్నుంచి వచ్చింది. మా వంశంలో మగవాళ్లు ఒకచోట స్థిమితంగా కూర్చున్నారంటే ఇంట్లో ఆడవాళ్లు ఒళ్లు కాలుతోందేమోనని నుదురు పట్టి చూసేవాళ్లు.

మన ఈడువాళ్లకు ఆ వ్యాగన్లు గుర్తుండే ఉంటాయి. ముందు చూస్తే కారు, వెనక చూస్తే చిన్న గది, ఆ గదికి వెనకవైపు పైకొక రెక్క కిందికొక రెక్కగా తెరుచుకునే తలుపు. ఆదోనిలో పత్తి వ్యాపారం మంచి జోరు మీద ఉన్న కాలంలో శావుకార్లు బొంబాయి నుంచి తెప్పించుకున్న బండ్లు అవి. వారమంతా వెనక భాగంలో పత్తి నమూనాల మూటలు పోయేవి, పండగొస్తే అదే భాగంలో ఇంటిల్లిపాదీ ఇరుక్కుని కూర్చునేవారు. డెబ్భైల్లో పెట్రోలు మంట మొదలయ్యేసరికి ఆ బండ్ల ఆకలికి శావుకార్లే జడుసుకుని, ఒక్కొక్కరుగా వాటిని మూలకు తోశారు. జిన్నింగు మిల్లుల వెనకాల, గడ్డివాముల పక్కన, కౌతాళం వైపు వరిమళ్ల గట్ల మీద, చక్రాలు మట్టిలోకి దిగి, అద్దాల నిండా దుమ్ము పట్టి, ఎన్ని బండ్లు పడి ఉండేవో.

ఆదోనిలో మా మేనమామకు ఒక షెడ్డు ఉండేది. అలా పడి ఉన్న వ్యాగన్లను వెతికి పట్టి, పాత ఇంజన్ పీకేసి, డీజిల్ ఇంజన్ ఎక్కించి, సర్వీసు బండ్లుగా తిరగడానికి తయారుచేసేవాడు. బస్సు తప్పిపోయిన వాళ్లు, సంతకు పోయేవాళ్లు, మాధవరం వైపు తుంగభద్ర స్నానాలకు పోయేవాళ్లు ఆ బండ్లలో ఒకరి ఒళ్లో ఒకరు కూర్చుని పోయేవారు. ఇంజన్ ఎలాగూ పారేసేదే కాబట్టి దాన్ని మేం చూసేవాళ్లం కాదు. చూడవలసిందల్లా రేకు. రేకు గట్టిదైతే ఎంత అధ్వాన్నంగా ఉన్న బండైనా లేచి తిరుగుతుంది, రేకు పోయిందంటే దేవుడు దిగివచ్చినా లాభం లేదు. నా ఇరవై ఏళ్ల వయసు నుంచి నేను మామ దగ్గరే రేకు పని చేశాను. పని కన్నా కూడా, ఫలానా ఊళ్లో ఒక వ్యాగన్ పడి ఉందట అని కబురు రాగానే సైకిలెక్కి ఎగిరిపోయి చూసి రావడం నాకు ఇష్టం. షెడ్డులో సుత్తి పట్టుకుని కూర్చోవడం నా వల్ల అయ్యేది కాదు.

చూడటానికి మామది ఒక పద్ధతి. ముందు దూరంగా నిలబడి తలుపులకూ ఒంటికీ మధ్య సందు సమంగా ఉందా, ఒకవైపు జారిందా అని చూడాలి. తర్వాత కింద పడుకుని, తలుపు కింద పొడుగునా బోలుగా పోయే రేకును స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడాలి. ఇంటికి గడప ఎలాగో బండికి అది అలాగ, మేం దాన్ని గడప అనే పిలిచేవాళ్లం. ఆఖరున తలుపులు తట్టాలి. ఇక్కడే అందరూ మోసపోయేది. అమ్మేవాడు తలుపు వేసి చూపించి, చప్పుడే రాలేదు చూడండి, ఎంత మెత్తగా పడిందో అని మురిసిపోయేవాడు, కొనేవాడు కూడా మురిసిపోయేవాడు. మామ మాత్రం మొహం చిట్లించేవాడు. తలుపు ఖాళీ డబ్బాలా ఖంగుమని మోగాలి, మోగిందంటే లోపల గాలి ఆడుతున్నట్టు, నీళ్లు దిగిపోతున్నట్టు. "గమ్మునుండే తలుపును నమ్మొద్దురా, లోపల ఏందో తింటాంటాది దాన్ని" అనేవాడు.

తినేది ఏమిటో మా ఊరివాళ్లకు తప్ప ఇంకెవరికీ తట్టదు. పత్తి ఊళ్లో ఏది అల్లాడినా దూదే మందు. కిటికీ రెక్క కొట్టుకుంటే సందులో ఇంత దూది, తొట్టి కారుతుంటే ఇంత దూది, చలికాలం చెవుల్లో ఇంత దూది. ఆ గుంతల రోడ్ల మీద వ్యాగన్ తలుపులు గడగడలాడితే, లోపలి అట్ట విప్పి ఆ బోలులో దూది కూరిన మహానుభావులు ఆదోనిలో కొందరుండేవారు. అద్దం పక్క నుంచి వాననీళ్లు తలుపులోకి దిగుతాయి, కింద ఉన్న చిల్లుల్లోంచి బయటికి పోవాలి. దూది ఆ చిల్లులను మూసి, నీళ్లన్నీ తాగి, ఏళ్ల తరబడి తడిగుడ్డలా రేకును అంటుకుని ఉంటుంది. బయట రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది.

ఆ రోజుల్లో నందవరం దగ్గర ఒక రైతు ఇంట్లో మేం చూసిన బండి దీనికి సరిగ్గా ఎదురు. రంగు పోయి, దీపాలు ఊడి, సీట్లు ఎలుకలు కొరికి, చూస్తే ఏడుపొచ్చేలా ఉంది. తలుపు వేస్తే మాత్రం వీధి చివరిదాకా వినిపించేలా మోగింది. అన్ని తలుపులూ అంతే. గడప పొడిస్తే స్క్రూడ్రైవర్ వంగింది గానీ దిగలేదు. అరుదుగా నవ్వే మా మామ ఆరోజు నవ్వాడు. అంతా కుదిరింది అనుకునే సమయానికి ఆ రైతు భార్య వచ్చి అడ్డం నిలబడింది. వెనక సీటులో కోడి పొదుగుడుకు కూర్చుందట. "పిల్లలు దిగేదాకా బండిని ముట్టేది లేదప్పా, ఆమైన మీ ఇష్టం" అని తేల్చి చెప్పేసింది. రైతు మావైపు చూసి చేతులు తిప్పాడు. కోడి కూడా మావైపే చూస్తోంది. నేను ఆగలేక అక్కడే చిందులు తొక్కాను గానీ, మామ సరేనమ్మా అని దండం పెట్టి వచ్చేశాడు. ఒక కోడి తీరిక కోసం మేం ఎదురుచూస్తున్న ఆ రోజుల్లోనే మా నాయన బండి సంగతి మీదికొచ్చింది.

మాది దూదేకుల కుటుంబం. మా తాత దూది ఏకే విల్లు భుజాన వేసుకుని ఆదోని వీధుల్లో తిరిగి, పరుపులకూ దిండ్లకూ దూది ఏకి పెట్టేవాడు. మా నాయనకు ఆ కూర్చుని చేసే పని పడలేదు. చిన్నప్పుడే ఒక పత్తి శావుకారు మిల్లులో చేరి, లారీల వెంట తిరిగి స్టీరింగు నేర్చుకుని, చివరికి ఆ శావుకారు వ్యాగన్‌కు డ్రైవరయ్యాడు. లేత నీలం రంగు బండి. కిటికీలకు లోపలి నుంచి పరదాలు ఉండేవి, ఆ ఇంటి ఆడవాళ్లు ఊళ్లో నుంచి పోయేటప్పుడు అవి దించుకునేవారు. పరదాల వెనక కూర్చున్న వాళ్లకు బయట గుంత ఎక్కడుందో కనపడదు కాబట్టి వాళ్ల కళ్లు కూడా తనే అయి నడపాలని మా నాయన నమ్మకం. రోజూ పొద్దున్నే ఆ బండిని కడిగేవాడు. పండగ రోజు మా ఒంటికి నీళ్లు పడ్డాయో లేదో చూసేవాడు కాదు గానీ, ఆ బండికి నీళ్లు తప్పేవి కావు. మా అమ్మ దాన్ని తన సవతి అనేది.

పెట్రోలు మంట ఆ ఇంటినీ తాకింది. శావుకారు కొడుకులు చిన్న కారు కొనుక్కుని తామే నడుపుకోసాగారు. వ్యాగన్ మిల్లు వెనక రేకుల కింద చేరింది. మా నాయనను పనిలోంచి తీయలేదు, ఆ మాట ఒప్పుకోవాలి, మిల్లు గేటు దగ్గర స్టూలేసి కూర్చోబెట్టారు. చిన్న కారు వచ్చినప్పుడు గేటు తెరవడం, పోయినప్పుడు మూయడం, ఇదే ఆయన పని. మనిషికి పని ఉంది, కూడు ఉంది, గౌరవం కూడా ఉందని అందరూ అన్నారు. నేను మాత్రం ఆయన కుడికాలు చూసేవాణ్ణి. స్టూలు మీద కూర్చున్నా, ఇంట్లో మంచం మీద కూర్చున్నా ఆ పాదం ఊరుకునేది కాదు, లేని ఆక్సిలేటర్‌ను తొక్కుతూనే ఉండేది. మంచం కిర్రుకిర్రుమనేది. ఆ చప్పుడు అలవాటైపోయి, అది వినపడకపోతే మా అమ్మకు నిద్ర పట్టేది కాదు.

ఎన్నిసార్లు అడిగినా ఆ వ్యాగన్‌ను నన్ను చూడనిచ్చేవాడు కాదు. నా బండికేమైందిరా మీ షెడ్డు చెయ్యి తగలడానికి అని కసిరేవాడు. ఆయన మనసులో ఉన్నది మాకు తెలుసు. ఎప్పుడో ఒకరోజు శావుకారు ఆ బండి తనకిస్తాడు, డీజిల్ ఇంజన్ పెట్టించుకుని ఆదోనికీ ఎమ్మిగనూరుకూ మధ్య సొంత సర్వీసు నడుపుతాడు, ఎవరి గేటూ తెరవడు. ఆ రోజు నిజంగానే వచ్చింది. మిల్లు వెనక కొత్త షెడ్డు కట్టాలని జాగా ఖాళీ చేయిస్తూ, శావుకారు మా నాయనను పిలిచి, బండి లేచేటట్టుంటే నువ్వే తీసుకో, లేవదంటే శుక్రవారం తర్వాత పాత ఇనుము కొనే గుజిరీవాడు వచ్చి తీసుకుపోతాడు అని చెప్పాడు. మా నాయన ఆరోజు ఇంటికి నడిచి రాలేదు, ఊరేగింపులా వచ్చాడు.

చూడటానికి మామ రానన్నాడు. నడుము నొప్పి అన్నాడు, షెడ్డులో పని ఉందన్నాడు, చివరికి నేను గట్టిగా పట్టుకుంటే అసలు మాట చెప్పాడు. "నేనొస్తే మా బావ మొగం జూసి బాగుందంటా. నువ్వు కొడుకువి, నీ నోటి నుంచి వస్తే ఆయప్ప ఓర్సుకుంటాడు. పో." ఆయన మొహంలో ఏదో ఉందని అప్పుడే అనిపించింది గానీ, అది ఏమిటో నిలబడి ఆలోచించే ఓపిక నాకు ఎప్పుడుంది గనక! ఒకప్పుడు ఆ వ్యాగన్‌లో ఎక్కి, దాని తలుపు ఎలా పడుతుందో విన్నవాడు మామ అని తర్వాత తెలిసింది.

నేను పోయేసరికి మా నాయన అప్పటికే బండిని కడిగి, గుడ్డతో తుడిచి, పెళ్లిచూపులకు సిద్ధం చేసినట్టు చేశాడు. దూరంగా నిలబడి చూశాను. సందులన్నీ సమంగా ఉన్నాయి. నాకు ఆశ పుట్టింది. నేను కింద పడుకోబోతుంటే ఆయన ఆగమని, ముందు తలుపు పూర్తిగా తెరిచి, అరచేత్తో నెట్టాడు. తలుపు దుబ్బుమని మెత్తగా పడింది, పరుపు మీద దిండు పడినట్టు.

"విన్నావా? ఈ జిల్లాలో ఇట్ల పడే తలుపు ఇంగోటి సూపీ" అన్నాడు.

ఒక్కో తలుపూ తట్టుకుంటూ బండి చుట్టూ తిరిగాను. ఒక్కటీ మోగలేదు. మా నాయన నా వెనకే తిరుగుతూ, నేను ఆ నిశ్శబ్దాన్ని మెచ్చుకుంటున్నాననుకుని, దాని కథంతా చెప్పుకొచ్చాడు. శావుకారు తల్లికి తలనొప్పి ఉండేదట. మాధవరం పోయిరావాలంటే ఆ తలుపుల మోతకు ఆవిడ కణతలు పట్టుకుని కూర్చునేదట. అందుకని ఒకరోజు మా నాయనే అట్టలన్నీ విప్పి, మా తాతను మిల్లుకు పిలిపించుకుని, మేలైన పత్తి ఏకించి, నాలుగు తలుపుల్లోనూ, గడపల్లోనూ, చేయి దూరిన ప్రతి బోలులోనూ కూరాడట. ఆ తర్వాత మా తాతకు చేతులు పడిపోయి విల్లు పట్టలేదు. అంటే తాత ఏకిన ఆఖరి దూది ఆ బండిలోనే ఉంది. ఆవిడ ఆ తర్వాత దారి పొడుగునా నిద్రపోయేదట. "అమ్మగారు దిగేటప్పుడు, నీ బండిలో ఉంటే మా పుట్టింట్లో ఉన్నట్టుందిరా అనింది నాతో" అని చెబుతున్నప్పుడు ఆయన గొంతు ఎంత సంతోషంగా ఉందో, నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

నేను స్క్రూడ్రైవర్ తీసి, అట్ట మరలు విప్పడం మొదలుపెట్టాను. ఆయన వద్దనలేదు, ఆ దూదిని నాకు చూపించాలని ఆయనకూ ఉంది. అట్ట ఊడి వచ్చింది. పైభాగంలో దూది తెల్లగా, ఇంకా పొంగుతూ, నిన్న ఏకినట్టే ఉంది. నేను చేయి లోపలికి పోనిచ్చి కింద ఉన్నదాన్ని పట్టి లాగాను. నల్లటి ముద్ద వచ్చింది. దానికి అంటుకుని అరచేయంత తుప్పు రేకు కూడా వచ్చింది. అది పోయిన చోట, బయట లేత నీలం రంగు పొర ఒక్కటే, కాగితంలా, మిగిలి ఉంది. వేలితో నెడితే పగిలి నేల కనపడింది.

తలుపులొక్కటే అయితే వేరే బండివి తెచ్చి బిగించవచ్చు. నేను మోకాళ్ల మీద కూర్చుని గడప వైపు వంగాను, స్క్రూడ్రైవర్ ఎత్తాను గానీ పొడవలేకపోయాను. పొడిస్తే తెలిసిపోతుంది. జనాన్ని ఎక్కించుకుని తిరగవలసిన బండికి గడప లేదంటే ఒక గుంతలోనే ఒళ్లు రెండుగా విరుగుతుంది. అబద్ధం చెప్పేద్దామా, ఎలాగోలా అతుకులేసి నిలబెడదామా అని ఆ కాసేపట్లో నా బుర్రలో తిరగని ఆలోచన లేదు. మా నాయన నా చేతిలోంచి స్క్రూడ్రైవర్ తీసుకున్నాడు. గడప మీద పెట్టి, గట్టిగా కూడా కాదు, ఊరికే ఒత్తాడు. అది పిడిదాకా దిగిపోయింది.

స్క్రూడ్రైవర్ వెనక్కి లాగి, "పైన సూడు, తాత దూది ఇంగా తెల్లగనే ఉంది" అన్నాడు. ఆ తర్వాత, "గుజిరీవాన్ని రమ్మని సెప్పు" అన్నాడు.

ఆ మాట నా నోటి నుంచి రావాలని మామ పంపాడు, ఆయన దాన్ని కూడా నాకు మిగల్చలేదు. నల్లటి ముద్దను మళ్లీ తలుపులోకి తోసి, అట్ట పెట్టి, మరలన్నీ ఒక్కొక్కటే బిగించి, చేతి గుర్తులు పడినచోట తుడిచి, తలుపు వేశాడు. అది మళ్లీ దుబ్బుమనే పడింది. శుక్రవారం దాటాక గుజిరీవాడు లారీ తెచ్చి బండిని గొలుసు కట్టి లాక్కుపోతుంటే, మిల్లు గేటు రెండు రెక్కలూ తెరిచి పట్టుకున్నది మా నాయనే. అది ఆయన పని మరి. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఈ వయసులో కూడా కళ్లల్లో నీళ్లు తిరుగుతాయి, దాచుకోవడం ఎందుకు.

ఆ తర్వాత ఆయన కాలు ఆగిపోయింది. మంచం కిర్రుమనడం మానేసింది. మనిషి కోపం తెచ్చుకోడు, ఎవరినీ కసరడు, పెట్టింది తిని స్టూలు మీదికి పోతాడు, వచ్చి పడుకుంటాడు. ఇన్నాళ్లకు మీ నాయన నెమ్మదించాడు అని చుట్టుపక్కలవాళ్లు సంతోషించారు. మా అమ్మ మాత్రం నుదురు పట్టి చూసింది. నాకైతే భయం పట్టుకుంది, గమ్మునుండే తలుపు గురించి మామ అన్న మాట అప్పుడు నాకు వేరే విధంగా అర్థమయింది. పగలు షెడ్డులో సుత్తి పట్టుకుంటే దెబ్బ వేలి మీద పడేది. మామ దగ్గరికి పోయి, నందవరం బండి మాకు కావాలి, దాన్ని మా నాయన నడుపుతాడు అన్నాను. మామ తలెత్తకుండానే, కోడి లేచిందట, నిన్న కబురొచ్చింది అన్నాడు.

ఆ బండి మీద నేను పనిచేసినట్టు జన్మలో మరి దేని మీదా చేయలేదు. షెడ్డులో రంగు వేసేవాడు తలుపుల మోత చూసి, కాస్త దూది పెడదామా అన్నా అని అడిగితే వాడి మీద సుత్తి ఎత్తాను. డీజిల్ ఇంజన్ ఎక్కింది, సీట్లకు ఎమ్మిగనూరు మగ్గాల ముతక గుడ్డ కుట్టించాం. అంతా అయ్యాక, ఇంట్లో చెబితే మా నాయన రాడు, ఎవరి బండిరా అది, ఎవరి దయ అంటాడు. అందుకని ఒక మధ్యాహ్నం నేనే నడుపుకుంటూ నేరుగా మిల్లు గేటు ముందుకు పోయి హారన్ కొట్టాను.

అలవాటు కొద్దీ ఆయన స్టూలు మీద నుంచి లేచి గేటు రెండు రెక్కలూ తెరిచాడు. తెరిచాక గానీ లోపలున్నది నేనని చూడలేదు. నేను బండిని లోపలికి తీయలేదు. డ్రైవరు సీటు లోంచి పక్క సీటులోకి జరిగి, "నాయనా, గేరు సరిగ్గా పడ్తాలేదు, ఒకసారి సూడు" అన్నాను.

"నువ్వు క్లచ్చి నిండుగా తొక్కినావా ఎప్పుడన్నా, గేరు పడేదానికి?" అన్నాడు. ఎన్ని వారాల తర్వాతో ఆయన నన్ను కసిరాడు. నా ప్రాణం లేచొచ్చింది.

ఎక్కి కూర్చుని తలుపు వేశాడు. అది ఖంగుమని మోగింది. దెబ్బ తగిలినవాడిలా కళ్లు మూసుకున్నాడు. ఆయన మళ్లీ తలుపు తెరిచి, మళ్లీ వేశాడు. మళ్లీ మోగింది. కిందికి వంగి, వేలి కణుపులతో తలుపు అడుగున తట్టాడు. నాకు తెలిసి ఆయన ఒక తలుపు తట్టి చూడటం అదే మొదలు. ఆ తర్వాత క్లచ్చి నిండుగా తొక్కి, గేరు వేసి, బండిని ఎమ్మిగనూరు దారి పట్టించాడు. మేం పోతుంటే వెనక గేటు బార్లా తెరిచే ఉంది. చిన్న కారు లోపలికి పోయి, గేటు మూసేవాడి కోసం ఎంతసేపు హారన్ కొట్టిందో నాకు తెలియదు, తెలుసుకోవాలని కూడా అనిపించలేదు.

ఎనభైలు పూర్తయ్యే ముందుదాకా, అంటే ఆటోలూ జీపులూ దారులన్నీ కమ్ముకునేదాకా, మా నాయన ఆ బండిని నడిపాడు. నాలుగు తలుపులూ నాలుగు డప్పుల్లా మోగుతుంటే ఎక్కినవాళ్లు, ఏందప్పా ఈ మోత, మాట ఇనపడ్తాలేదు, ఏదన్నా గుడ్డ పెట్టరాదా అని గొణిగేవారు. పరదాల బండిలో ఒక ముసలమ్మ నిద్ర కోసం ప్రాణం పెట్టిన ఆ మనిషే, వెనక్కి తిరగకుండా, "మోగనీయప్పా, మోగుతాంటే బాగుండాదని లెక్క" అనేవాడు. రాత్రి ఇంటికొచ్చి మంచం మీద కూర్చుంటే కాలు మళ్లీ ఆడేది. మా అమ్మ హాయిగా నిద్రపోయేది.

ఇప్పుడు మా అబ్బాయి కారులో ఎక్కితే అద్దాలన్నీ మూసేస్తాడు. రోడ్డు ఉందో లేదో తెలియదు, పత్తి చేను దాటామో ఊరు దాటామో తెలియదు. అంత మెత్తదనంలో నాకు కూర్చోబుద్ధి కాదు, ఎక్కడో ఏదో తడిసి కూర్చుందేమోనని చేయి తలుపు మీదికి పోతూనే ఉంటుంది. తట్టొద్దు నాన్నా అంటాడు వాడు. వాళ్ల ఇళ్లల్లో కూడా ఎవరూ ఎవరినీ కసరడం లేదు, ఎవరి కాలూ ఆడటం లేదు. అంతా బాగానే ఉందంటారు. ఉండవచ్చు, నాకే అర్థం కావడం లేదేమో. మన కాలంలో ఒక బండి మూలన పడిందంటే, అది లేస్తుందా లేవదా అని అడగడానికి ఒకడు సైకిలేసుకుని వచ్చేవాడు. లేవదని తేలితే ఏడ్చి పంపేవాళ్లం, లేస్తుందంటే కోడి పిల్లలు దిగేదాకా అయినా కాచుకునేవాళ్లం. పూలు నాటి నిలబెట్టే ఆలోచన మాకు రాలేదు.

ఫంక్షన్ హాలు ముందు ఆ ఎర్ర బండి తలుపు తట్టినప్పుడు నేను విన్నది చెబుతానన్నాను కదా. అది మోగింది. ఖంగుమని, నందవరం బండిలా, వీధి చివరిదాకా వినిపించేలా మోగింది. దాని రేకుకు ఏమీ కాలేదు. ఆ మాట ఎవరికైనా చెప్పాలని ఆ రోజు నుంచి తిరుగుతున్నాను. వాచ్‌మన్‌కు చెబితే నవ్వాడు, మా అబ్బాయికి చెబితే అయితే ఏమిటి అన్నాడు. ఇంకెవరికి చెప్పాలో తెలియక మీకు చెబుతున్నాను.